చెవి దిబ్బడకు ఏ పరీక్ష: టింపనోమెట్రీ ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు

జలుబు తగ్గి వారాలు గడిచినా చెవి మూసుకుపోయినట్టే ఉంటుంది. గుటక వేస్తే టక్కుమని తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, కాసేపటికి మళ్లీ మామూలే. ఈఎన్‌టీ డాక్టరు చూసి ఇంపీడెన్స్ టెస్ట్ రాస్తారు. కొందరికి దాంతోపాటు పీటీఏ (వినికిడి పరీక్ష), ఎండోస్కోపీ, ఇంకొందరికి సీటీ స్కాన్ కూడా రాస్తారు. ఏది దేనికో, ఏది ముందో తెలియక కొంతమంది అన్నీ చేయించుకుంటారు. ఇంకొంతమంది అన్నీ మానేసి చెవిలో వెచ్చటి నూనె పోసుకుంటారు. కర్ణభేరికి రంధ్రం లేకపోతే ఆ నూనె లోపలికి పోనే పోదు, సమస్య ఉన్నది దాని అవతల. రంధ్రం ఉంటే నూనె లోపలికి పోయి ఇన్ఫెక్షన్ తెస్తుంది.

చీటీలో ఇంపీడెన్స్ అని రాసే పరీక్షలో ముఖ్యభాగం టింపనోమెట్రీ. మధ్య చెవిలో గాలి ఒత్తిడి ఆ క్షణానికి ఎలా ఉందో అది చెబుతుంది. ముక్కు వెనక భాగాన్ని మధ్య చెవితో కలిపే యూస్టేషియన్ ట్యూబ్ ఎలా పనిచేస్తోందో మాత్రం నేరుగా చెప్పదు. పరీక్షలు ఎంచుకునేటప్పుడు ఈ తేడా గుర్తుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ట్యూబ్ పని, అది చెడే మూడు తీర్లు

ముక్కు వెనక, గొంతు పైభాగం నుంచి మధ్య చెవి దాకా ఉండే సన్నని గొట్టం ఇది. పెద్దవాళ్లలో సుమారు 36 మిల్లీమీటర్ల పొడవు. మామూలుగా మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు అంగిలి కండరాలు లాగడంతో అర సెకను కూడా కాకుండా తెరుచుకుని మూసుకుంటుంది. మధ్య చెవి లోపలి పొర అక్కడి గాలిని నిరంతరం పీల్చుకుంటూనే ఉంటుంది. తగ్గిన గాలిని ఈ చిన్న చిన్న తెరుపులే భర్తీ చేయాలి. జలుబు వల్లో అలర్జీ వల్లో ట్యూబ్ వాస్తే ఆ భర్తీ ఆగిపోతుంది. లోపలి ఒత్తిడి పడిపోయి కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది. అలాగే కొనసాగితే పొర నుంచి నీరు ఊరి మధ్య చెవిలో చేరుతుంది.

నిపుణులు 2015లో ఏకాభిప్రాయంతో ఈ సమస్యను మూడు రకాలుగా విడదీశారు. ట్యూబ్ సరిగా తెరుచుకోకపోవడం మొదటిది. విమానంలోనో నీటి అడుగునో, అంటే బయటి ఒత్తిడి మారినప్పుడు మాత్రమే ఇబ్బంది పెట్టడం రెండోది. ట్యూబ్ మూసుకోకుండా తెరుచుకునే ఉండిపోవడం మూడోది. మూడింటిలోనూ రోగి చెప్పే మాట ఒకటే, "చెవి నిండుగా ఉంది, దిబ్బడగా ఉంది" అని. పరీక్షలో కనిపించేది మాత్రం మూడింటికీ వేరు.

టింపనోమెట్రీ: చిన్న పరీక్ష, చాలా సమాచారం

చెవి రంధ్రంలో మెత్తటి రబ్బరు మొన పెడతారు. దాన్నుంచి 226 హెర్ట్జ్ శబ్దం సన్నగా వస్తుంటే, చెవి కాలువలో గాలి ఒత్తిడిని +200 డెకాపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దగ్గర మొదలుపెట్టి మైనస్ వైపుకు, అవసరమైతే -400 దాకా మారుస్తారు. కర్ణభేరికి రెండు వైపులా ఒత్తిడి సమానమైనప్పుడే అది బాగా కదులుతుంది. గ్రాఫులో శిఖరం వచ్చేది అక్కడే. అంటే శిఖరం ఎక్కడుందో చూస్తే మధ్య చెవిలో ఒత్తిడి ఎంతో తెలిసిపోతుంది. ఒక్కో చెవికి కొన్ని సెకన్లే పడుతుంది. నొప్పి ఉండదు, చెవిలో కాస్త నొక్కినట్టు ఉంటుంది. రోగి జవాబు చెప్పాల్సిన పని లేదు కాబట్టి పసిపిల్లలకూ చేయవచ్చు.

రిపోర్టులో కనిపించే ఎ, బి, సి అక్షరాలు అమెరికా ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) జెర్గర్ 1970లో ప్రచారంలోకి తెచ్చిన వర్గీకరణ. శిఖరం సున్నా దగ్గర్లో ఉంటే టైప్ ఎ, అంటే ఆ సమయానికి ఒత్తిడి మామూలుగా ఉంది. -100 కన్నా కిందికి జరిగితే టైప్ సి, లోపల గాలి తక్కువైంది, ట్యూబ్ సరిగా తెరుచుకోవడం లేదని అనుమానించాలి. శిఖరమే లేకుండా గీత చదునుగా ఉంటే టైప్ బి.

టైప్ బి అనగానే "చెవిలో నీరు" అని తేల్చేయకూడదు. పక్కనే చెవి కాలువ ఘనపరిమాణం అని ఇంకో అంకె ఉంటుంది, దాన్ని చాలామంది చూడరు. పెద్దల్లో అది మామూలుగా 0.6 నుంచి 1.5 మిల్లీలీటర్ల దాకా, చిన్నపిల్లల్లో 0.4 నుంచి 1 దాకా ఉంటుంది. గీత చదునుగా ఉండి ఈ అంకె మామూలుగా ఉంటే మధ్య చెవిలో నీరు ఉండే అవకాశం ఎక్కువ. అంకె బాగా పెద్దదైతే కర్ణభేరికి రంధ్రం ఉందని, లేదా గతంలో వేసిన గ్రోమెట్ (కర్ణభేరిలో అమర్చే చిన్న గొట్టం) తెరుచుకునే ఉందని అర్థం. బాగా చిన్నదైతే గులిమి అడ్డుపడి ఉండవచ్చు, మొన కాలువ గోడకు ఆనుకుని ఉండవచ్చు. ఈ మూడింటికీ చికిత్స వేరు వేరు. ఈ అంకె లేకుండా "టైప్ బి" అని మాత్రమే రాసిన రిపోర్టు సగం రిపోర్టే.

ఏ అక్షరం వచ్చినా అది ఆ పూట సంగతి మాత్రమే. ఒక్కసారి చూసిన బీపీ లాంటిదే ఇది కూడా. జలుబులో ఉన్నప్పుడు సి వచ్చి, రెండు వారాలకు దానంతట అదే ఎ అయిపోవచ్చు. అందుకే ఒక్క టైప్ సి రిపోర్టు చూసి ఎవరూ ఆపరేషన్ దాకా వెళ్లకూడదు.

టైప్ ఎ వచ్చింది, దిబ్బడ మాత్రం పోలేదు

ఈ పరిస్థితి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రమాదం ఉన్నది ఇక్కడే.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది, వినికిడి అకస్మాత్తుగా తగ్గిందా అని. ఒక చెవి రాత్రికి రాత్రే, లేదా మూడు రోజుల్లోపు మందగిస్తే అది లోపలి చెవి నరానికి సంబంధించినది కావచ్చు. రోగికి అది కూడా "చెవి మూసుకుపోయింది" అన్నట్టే ఉంటుంది. జలుబు వల్ల అనుకుని వారాల తరబడి చుక్కల మందు వేసుకుంటూ కూర్చుంటారు. దీనికి స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాల్లో ఇస్తే ఫలితం ఎక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గుతుంది. ఇంట్లో చేసుకోగల చిన్న సూచన ఒకటుంది: నోరు మూసుకుని "మ్మ్..." అని గట్టిగా మూలగండి. ఆ శబ్దం దిబ్బడ వేసిన చెవిలోనే పెద్దగా వినిపిస్తే సమస్య మధ్య చెవిలోనో బయటి కాలువలోనో ఉండవచ్చు. బాగున్న చెవి వైపుకు వెళ్తే నరం గురించి ఆలోచించాలి. డాక్టరు ట్యూనింగ్ ఫోర్కుతో చేసేదానికి ఇది దగ్గరి పద్ధతి. అయినా ఇది సూచన మాత్రమే, పీటీఏకి బదులు కాదు. అకస్మాత్తుగా వినికిడి తగ్గితే ఆ రోజో మర్నాడో పీటీఏ చేయించుకోవాల్సిందే. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

రెండోది విమానం బాపతు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లివచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది చెప్పే ఇబ్బంది ఇదే. విమానం పైకెళ్లేటప్పుడు మధ్య చెవిలోని గాలి తనంతట తానే బయటికి తోసుకుపోతుంది. దిగేటప్పుడు బయటి గాలి లోపలికి రావాలంటే కండరాలు ట్యూబ్‌ను తెరవాలి. అందుకే నొప్పి ఎక్కువగా దిగేటప్పుడే వస్తుంది. ఇలాంటివాళ్లకు నేల మీద చేసిన టింపనోమెట్రీ టైప్ ఎ రావడం మామూలే. రిపోర్టు బాగుందని "మీకేం లేదు" అంటే అది తప్పు. చేయించుకుంటే ప్రయాణం అయిన ఒకటి రెండు రోజుల్లోపు, దిబ్బడ ఉండగానే చేయించుకోవాలి.

మూడోది తెరుచుకునే ఉండిపోయే ట్యూబ్. తన గొంతు తన చెవిలోనే గింగురుమంటుంది, ఊపిరి తీసే చప్పుడు కూడా చెవిలో వినిపిస్తుంది. పడుకున్నా తల బాగా వంచినా తగ్గుతుంది. తక్కువ కాలంలో బాగా బరువు తగ్గినవాళ్లలో, గర్భిణుల్లో ఇది కనిపిస్తుంటుంది. ఇక్కడ టింపనోమెట్రీ యంత్రాన్నే వేరేలా వాడాలి. ఒత్తిడి మార్చకుండా, గీతను కొంతసేపు అలా నడవనిచ్చి, రోగిని ముక్కుతో గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటారు. ఊపిరితోపాటు గీత ఊగితే ట్యూబ్ తెరుచుకుని ఉన్నట్టే. కూర్చోబెట్టే చేయాలి, పడుకోబెట్టి చేస్తే దొరకకపోవచ్చు. ఈ రోగుల్లో కొందరికి ఆ గింగురు తగ్గడానికి ముక్కును ఎగబీల్చడం అలవాటవుతుంది. అలా ఎగబీల్చితే మధ్య చెవిలో గాలి తగ్గి రిపోర్టు టైప్ సి రావచ్చు! చూసినవాళ్లు ట్యూబ్ మూసుకుపోయిందనుకుని దానికి సరిగ్గా వ్యతిరేకమైన చికిత్స చేసే ప్రమాదం ఉంది.

ఇంకా దవడ కీలు నొప్పి. నమిలినప్పుడు, పళ్లు కొరుకుతూ నిద్రపోయినప్పుడు పెరిగే దిబ్బడ చాలాసార్లు దవడదే. చెవి ముందు వేలితో నొక్కితే నొప్పి పుడుతుంది. అప్పుడు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లడం మేలు.

మిగతా పరీక్షలతో పోలిస్తే

ఓటోస్కోప్‌తో, అంటే చెవిలోకి చూసే లైటు పరికరంతో చూడటం అన్నిటికన్నా ముందు జరగాలి. గులిమి, రంధ్రం, గుంజుకుపోయిన కర్ణభేరి, వెనక నీటి బుడగలు, ఇవన్నీ కంటికే కనిపిస్తాయి. గులిమి తీయకుండా చేసిన టింపనోమెట్రీ మీద ఆధారపడలేం. చీము కారుతున్న చెవికైతే ముందు చీము తగ్గాలి.

ముక్కు, నోరు మూసి మెల్లగా గాలి ఊదడం వాల్‌సాల్వా పద్ధతి. ముక్కు మూసుకుని గుటక వేయడం టాయిన్‌బీ పద్ధతి. ఇవి ఖర్చు లేనివి. డాక్టరు కర్ణభేరిని చూస్తుండగా చేస్తే అది కదిలిందో లేదో తెలుస్తుంది. కదిలితే ట్యూబ్ తెరుచుకుంటోందన్న మాట. కదలకపోతే మాత్రం జబ్బు అని అనుకోవద్దు, ఆరోగ్యవంతుల్లో కూడా కొందరికి ఇది రాదు. ముక్కులో పసుపుపచ్చ చీమిడి ఉన్నప్పుడు ఊదకండి, ఎప్పుడూ బలవంతంగా ఊదకండి.

ఈ రెండింటినీ టింపనోమెట్రీతో కలిపితే ట్యూబ్ పనితీరు పరీక్ష అవుతుంది. మామూలుగా ఒక గ్రాఫు, ముక్కు మూసి గుటక వేశాక ఒకటి, ఊదాక ఇంకొకటి తీస్తారు. ట్యూబ్ తెరుచుకుంటే శిఖరం చోటు మారాలి. ఇంకా వివరంగా తొమ్మిది మెట్ల పద్ధతి ఉంది. అందులో చెవి కాలువలో ఒత్తిడి పెంచి గుటకలు వేయించి, తర్వాత తగ్గించి గుటకలు వేయించి, ప్రతిసారీ శిఖరం ఎటు జరిగిందో చూస్తారు. కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లకు వేరే పద్ధతి ఉంటుంది: చెవిలోకి ఒత్తిడి ఎక్కించి, గుటకలతో అది ఎంత దిగిందో కొలుస్తారు. ఆస్పత్రుల్లో ఉండే చాలా ఇంపీడెన్స్ యంత్రాల్లో ఈటీఎఫ్ (యూస్టేషియన్ ట్యూబ్ ఫంక్షన్) అనే మీట కింద ఈ సదుపాయం ఉంటుంది, అడిగితే తప్ప చేయరు. నెలల తరబడి దిబ్బడ ఉండి మామూలు గ్రాఫు ఎ వచ్చినవాళ్లకు, కొత్త పరీక్షలకు పరుగెత్తే ముందు, అదే యంత్రం మీద ఇది చేయించుకోమని నా సలహా. పావుగంట పని.

పీటీఏ, అంటే వినికిడి పరీక్ష, టింపనోమెట్రీకి తోడు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని కాదు. చెవిలో నీరుంటే వినికిడి ఎంత తగ్గిందో, ఆ తగ్గుదల మధ్య చెవిదా నరానిదా అన్నది పీటీఏనే చెబుతుంది. డబ్బు తక్కువై రెండే పరీక్షలు ఎంచుకోవాల్సి వస్తే పెద్దవాళ్లు ఈ రెండే ఎంచుకోవాలి. హైదరాబాద్‌లో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, వినికిడి లోపాల సంస్థ ప్రాంతీయ కేంద్రం వంటి చోట్లకు వెళ్లవచ్చు. వినికిడి యంత్రాల దుకాణాల్లో ఉచితంగా చేసే పరీక్షలో ఇంపీడెన్స్ ఉందో లేదో ముందే అడగండి.

ముక్కు ఎండోస్కోపీ ట్యూబ్ నోటిని కంటితో చూపిస్తుంది. అందరికీ అక్కర్లేదు. కానీ పెద్దవాళ్లలో ఒక్క చెవిలోనే నీరు చేరి వారాలైనా పోకపోతే ఇది తప్పనిసరి. ముక్కు వెనక గడ్డ పెరిగి ట్యూబ్‌ను మూసేసే అవకాశాన్ని తోసిపుచ్చాలి. మెడలో గడ్డ, ముక్కు నుంచి రక్తపు చారలు కూడా ఉంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

ట్యూబోమానోమెట్రీ అని ఇంకో పరీక్ష ఉంది. ముక్కులోకి 30, 40, 50 మిల్లీబార్ల ఒత్తిడితో గాలి పంపి, గుటక వేసినప్పుడు ట్యూబ్ ఎంత త్వరగా తెరుచుకుందో చెవి వైపు కొలుస్తారు. ట్యూబ్ పనిని నేరుగా చూపడంలో టింపనోమెట్రీ కన్నా ముందుంటుంది, దొరికే చోట్లు మాత్రం తక్కువ. దీనికోసం ఊళ్లు తిరగాల్సిన అవసరం మామూలు రోగికి లేదు. ఏడు ప్రశ్నల పత్రం కూడా ఒకటి వాడుకలో ఉంది. లక్షణాలు ఎంత బాధిస్తున్నాయో, చికిత్సకు తగ్గాయో లేదో చూడటానికి అది పనికొస్తుంది. దవడ నొప్పి ఉన్నవాళ్లకూ అందులో మార్కులు ఎక్కువే వస్తాయి కాబట్టి రోగ నిర్ధారణకు అది ఒక్కటే చాలదు. సీటీ స్కాన్ వట్టి దిబ్బడకు అక్కర్లేదు. కర్ణభేరి వెనక చర్మం పేరుకుపోయి ఎముకను తినే జబ్బు అనుమానం ఉన్నా, తన కనుగుడ్ల కదలిక, అడుగుల చప్పుడు చెవిలో వినిపిస్తున్నా అప్పుడు అర్థముంది.

పిల్లల సంగతి వేరు

పిల్లల్లో ట్యూబ్ పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు చేసిన ప్రతిసారీ చెవి కూడా పట్టేస్తుంది. అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కణజాలం) పెరిగిన పిల్లల్లో, అంగిలి చీలికతో పుట్టినవాళ్లలో ఇంకా ఎక్కువ. పిల్లలు దిబ్బడ అని చెప్పలేరు. టీవీ సౌండ్ పెంచుతారు, పిలిస్తే పలకరు, క్లాసులో వెనకబడతారు. ఇక్కడ టింపనోమెట్రీకి సాటి వచ్చే పరీక్ష లేదని నేను గట్టిగా అంటాను. ఆరు నెలల లోపు పసివాళ్లకు మాత్రం 226 హెర్ట్జ్ కాకుండా 1000 హెర్ట్జ్ శబ్దంతో చేయాలి. ఆ వయసులో చెవి కాలువ గోడలు మెత్తగా ఉండి, లోపల నీరున్నా మామూలు శబ్దానికి గ్రాఫు బాగానే ఉన్నట్టు రావచ్చు. ఏ శబ్దంతో చేశారో అడగడానికి మొహమాటపడకండి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు వచ్చిన గ్రాఫును నమ్మవద్దు, పాలు పట్టి నిద్రపోయాక చేయించండి.

టైప్ బి వచ్చి, నొప్పి జ్వరం లేకపోతే సాధారణంగా మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్షిస్తారు. చాలామందికి ఆలోపే నీరు ఇంకిపోతుంది. ఈ రకం నీటికి యాంటీబయాటిక్స్, అలర్జీ మాత్రలు, ముక్కు స్టెరాయిడ్ స్ప్రే ఇవ్వవద్దని అమెరికా ఈఎన్‌టీ నిపుణుల సంఘం 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మూడు నెలలకూ నీరు అలాగే ఉండి వినికిడి తగ్గితే గ్రోమెట్ ఆలోచన వస్తుంది. మాటలు ఆలస్యమైన పిల్లలు, అంగిలి చీలిక, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు అంతకాలం ఆగకూడదు.

బెలూన్ చికిత్స మాట వస్తే

ట్యూబ్‌లోకి చిన్న బెలూన్ పంపి కొద్ది నిమిషాలు ఉబ్బించే చికిత్సకు అమెరికాలో ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో అనుమతి ఇచ్చింది. ఇప్పుడు మన నగరాల్లో కూడా చేస్తున్నారు. దీనికి ఒప్పుకునే ముందు మీ దగ్గర నాలుగు ఉండాలి: ఓటోస్కోపీలో ఏం కనిపించిందో రాసిన కాగితం, టింపనోమెట్రీ, పీటీఏ, ముక్కు ఎండోస్కోపీ. టింపనోమెట్రీ కనీసం కొన్ని వారాల తేడాతో రెండుసార్లు చేయించి ఉండాలన్నది నా అభిప్రాయం. ట్యూబ్ తెరుచుకునే ఉండే రకం కాదని తేల్చుకోవడం మరీ ముఖ్యం, వాళ్లకు బెలూన్ వేస్తే బాధ పెరగవచ్చు. విమాన ప్రయాణాల్లో మాత్రమే బాధపడే వ్యక్తికి గ్రాఫు ఎ వచ్చినా బెలూన్ పనికిరావచ్చు, ఆ నిర్ణయం అక్షరాన్ని బట్టి కాకుండా రోగి చెప్పిన చరిత్రను బట్టి ఉంటుంది.

పరీక్షకు వెళ్లే ముందు గులిమి తీయించుకోండి, గదిలోకి వెళ్లబోతూ ముక్కు చీదడం, ఎగబీల్చడం, ఊదడం చేయవద్దు. చేసే వ్యక్తి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన ఆడియాలజిస్టేనా అని చూసుకోండి. రిపోర్టులో గ్రాఫు బొమ్మతోపాటు రెండు చెవులకూ విడివిడిగా శిఖరం ఒత్తిడి, కర్ణభేరి కదలిక, కాలువ ఘనపరిమాణం అంకెల్లో ఉండాలి. లేకపోతే అక్కడే అడిగి రాయించుకోండి. తర్వాతిసారి చేసే పరీక్షను వీటితోనే పోల్చి చూస్తారు.